ఎడమవైపు సింగారం

మా తమ్ముడు జెల్మన్ చెక్కిన గుర్రాలన్నీ మొదట్లో సింహాల్లా ఉండేవి. అందులో వాడి తప్పేం లేదు. మా పాత ఊరు విటెబ్స్క్‌లో ఉన్నప్పుడు మా యూదుల ప్రార్థనా మందిరాల్లో ధర్మగ్రంథాలు దాచే బీరువాల మీద జంట సింహాలు చెక్కడమే వాడి వృత్తి. అమెరికాకు, బ్రూక్లిన్‌కు వచ్చాక శవపేటికల ఫ్యాక్టరీలో చేరి మూతల మీద తీగలూ ఆకులూ చెక్కాడు. జీతానికి లోటు లేదు గానీ, సాయంత్రం బీట్‌రూట్ సూప్ ముందు కూర్చుని దిగులుపడేవాడు.

"అక్కా, నా పని చూసి ఒక్కడంటే ఒక్కడు నవ్వడే."

"శవపేటిక చూసి నవ్వేవాణ్ణి పిచ్చాసుపత్రికి పంపిస్తారురా. తిను" అనేదాన్ని.

వాడు తినేవాడు కానీ దిగులు మానేవాడు కాదు. చివరికి ఒకరోజు ఆ ఉద్యోగం వదిలేసి, అంబ్రోజ్ టట్టల్ అనే ఇంగ్లండు ముసలాయనతో కలిసి రంగులరాట్నాలకు గుర్రాలు చెక్కే షెడ్డు పెట్టాడు. రంగులు వేయడానికి నన్ను పిలిచారు. ఫ్యాక్టరీ మేస్త్రీ మాత్రం వెళ్ళేటప్పుడు జెల్మన్ భుజం తట్టి, "నీ స్టూలు ఎవరికీ ఇవ్వనులే. ఎలాగూ వస్తావుగా" అన్నాడట. ఆ మాట వాడికి చెప్పులో రాయిలా గుచ్చుకుంటూనే ఉండేది.

అంబ్రోజ్ తన దేశంలో సంతల్లో తిరిగే రాట్నాలకు గుర్రాలు చెక్కి చెక్కి జుట్టు నెరిసినవాడు. పనిలో సాటిలేదు, మొండితనంలో అసలే లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటాడు. నాలుగో కాలు మీరు చూపిస్తే, అది తోకంటాడు.

ఈ పనిలో ఒక కిటుకు ఉంది. రాట్నం గుర్రానికి రెండు పక్కలూ ఒకేలా ఉండవు. జనానికి కనిపించే పక్కన ఎగిరే జూలు, పూలదండలు, గాజు రత్నాలు, బంగారు రేకు అన్నీ ఉంటాయి. లోపలి పక్కన పని కానిచ్చేసి వదిలేస్తారు. పెళ్ళికి వెళ్ళేవాడు కోటు కింద కనిపించే మేరకే చొక్కా ఇస్త్రీ చేసుకున్నట్టన్నమాట. అంబ్రోజ్ నమూనాగా ఒక గుర్రాన్ని చెక్కి ఇచ్చాడు. సింగారమంతా దాని ఎడమ పక్కన ఉంది. జెల్మన్ దాన్ని చూసి మిగతావన్నీ చెక్కాడు, నేను రంగులు వేశాను. ఎడమేమిటి, కుడేమిటి అని మేం అడగలేదు. అమెరికాలో రాట్నం ఎటు తిరుగుతుందో అంబ్రోజ్ అడగలేదు. సూర్యుడు ఎటు పొడుస్తాడని అడుగుతామా?

మా మొదటి బేరం కార్నీలియస్ డెవేనీ అనే ఐరిష్ ఆయనది. కోనీ ద్వీపంలో కొత్తగా పార్కు తెరుస్తున్నాడు. ఆయనకు నచ్చితే మాకు పేరొస్తుంది, నచ్చకపోతే షెడ్డు మూతే. జెల్మన్‌కు స్టూలు ఎదురుచూస్తోంది. మొదటిసారి మాట్లాడటానికి వెళ్ళినప్పుడు డెవేనీ ఒక బండి దగ్గర నిలబడి నత్తగుల్లలు తింటున్నాడు. మేం అవి ముట్టం, చూడటానికి మాత్రం అడ్డేముంది? ఎడమచేత్తో చిన్న ఫోర్కు పట్టుకుని గుల్లలోంచి మాంసం ఎంత ఒడుపుగా లాగుతున్నాడో. నేను చూస్తున్నానని కనిపెట్టగానే ఫోర్కు కుడిచేతికి మార్చాడు. మరుక్షణం నత్త కాస్తా కోటు మీద పడింది.

ప్రారంభం ముందురోజు మధ్యాహ్నానికి గుర్రాలన్నీ ఇత్తడి స్తంభాలకు బిగించాం. ఇంజను చూసుకునే స్వీడన్ మనిషి నిల్సన్ ఆవిరి వదిలాడు. రాట్నం కదిలింది. నేను బయట నిలబడి చూస్తున్నాను. ఒక్కొక్క గుర్రమే బోడిగా, బూడిదరంగుగా నా ముందు నుంచి పోతోంది. నేను కళ్ళు పీక్కుపోయేలా దిద్దిన గులాబీలన్నీ లోపల పాటలు వాయించే బ్యాండు పెట్టెకు దర్శనమిస్తున్నాయి.

"ఏమయ్యా అంబ్రోజ్, ఏమిటిది?" అన్నాడు జెల్మన్.

"గుర్రాలకేం, బాగానే ఉన్నాయి. మీ రాట్నమే తప్పుగా తిరుగుతోంది."

"ఈ దేశంలో ఇలాగే తిరుగుతుందయ్యా" అన్నాడు నిల్సన్.

"గుర్రాన్ని ఎడమవైపు నుంచి ఎక్కుతారు. పాలు తాగే పిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. జనం బయటి నుంచి వస్తారు కాబట్టి ఎడమ పక్క బయటికుండాలి. మా ఊళ్ళో అంతే."

"మీ ఊళ్ళో వాన కూడా కిందినుంచి పైకి పడుతుందేమో" అన్నాను. నాకు ఏడుపు తన్నుకొస్తోంది, దాన్ని కోపంగా మార్చుకున్నాను.

సరిగ్గా అప్పుడే డెవేనీ వచ్చాడు. ఒక చుట్టు తిరిగేవరకూ చూశాడు.

"నెమలిని చూపించి బొచ్చు పీకిన కోడిని అంటగట్టారా నాకు?" అన్నాడు నెమ్మదిగా. అరిస్తే బాగుండేది. "రేపు గేట్లు తెరిచేసరికి బంగారం జనానికి కనపడాలి. లేదంటే మీ గుర్రాల్ని మీరే తోలుకుపోండి. ఫిలడెల్ఫియాలో ఒకాయన దగ్గర తయారు రాట్నం ఉంది."

ఆయన వెళ్ళిపోయాక జెల్మన్ రాట్నం అంచు మీద కూలబడ్డాడు. "గుర్రాల్ని ఇటు తిప్పి బిగిస్తే?" అన్నాడు.

"తోక ముందు, తల వెనకగా పరుగెత్తుతాయి" అన్నాడు నిల్సన్.

"నా గుర్రాలు వెనక్కి పరుగెత్తవు" అంబ్రోజ్ చేతులు కట్టుకున్నాడు. "కావాలంటే మీ అమెరికానే తిప్పండి."

జెల్మన్ నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. నిల్సన్ వంక చూశాడు. నిల్సన్ ఇంజను వంక చూశాడు.

"అమెరికా దాకా ఎందుకులే," అన్నాడు నిల్సన్, "బెల్టును ఎనిమిది అంకెలా మెలిపెట్టి తగిలిస్తే చక్రం ఎదురు తిరుగుతుంది."

సాయంత్రానికల్లా గుర్రాల్ని తిప్పి బిగించాం, బెల్టు మెలిపెట్టాం. రాట్నం పక్కన నిలబెట్టిన, అందుకునే రింగులు పెట్టే కర్ర చెయ్యిని కూడా నిల్సన్ ఎదురు దిశకు మార్చాడు. సవారీ చేసేవాళ్ళు పోతూ పోతూ ఆ చెయ్యి నుంచి ఒక రింగు లాక్కోవాలి. చాలావరకు ఇనుపవే వస్తాయి, ఇత్తడిది దొరికితే ఇంకో సవారీ ఉచితం. రాట్నం ఆడించి చూసుకున్నాం. నా గులాబీలు బయటికి వచ్చాయి, బంగారం తళతళలాడింది. అంబ్రోజ్ తన దేశం గెలిచినట్టు మీసం దువ్వాడు. పొద్దున్నించీ ఏమీ తినలేదని గుర్తొచ్చి ఉప్పుచేపా నల్లరొట్టే తెచ్చుకుని గుర్రాల నీడలోనే తిన్నాం. జనానికి చేతులుంటాయన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు.

మర్నాడు గేట్లు తెరిచారు. మొదటి సవారీకి డెవేనీ టోపీ తీసి నిలబడ్డాడు, ముఖం చాటంత అయింది. ఆ ముఖం అట్టే సేపు నిలవలేదు. రాట్నం ఎదురు తిరుగుతోంది కాబట్టి రింగులిప్పుడు ఎడమచేతివైపు ఉన్నాయి. ఒక లావుపాటి కసాయి కుడిచేతిని పొట్ట మీదుగా చాచి, గుర్రం మెడను కౌగిలించుకున్నాడు. కొత్త పెళ్ళికూతురొకామె ఎడమచేత్తో ప్రయత్నించి రింగుకు బదులు గాలిని పట్టుకుంది. ఒక్కరికీ ఒక్క రింగు దొరకలేదు. దిగినవాళ్ళు గొణగడం మొదలుపెట్టారు.

"ఇదంతా మోసం. అందకుండా తిప్పుతున్నారు" అన్నాడు కసాయి, నలుగురికీ వినపడేలా.

డెవేనీ మా దగ్గరికి దూసుకొచ్చాడు. "ఎవరు తిప్పమన్నారు దీన్ని?"

మేం ముగ్గురం అంబ్రోజ్ వంక చూశాం. అంబ్రోజ్ తన బూట్ల వంక చూసుకున్నాడు. ఆ ముసలాయన తన దేశం పేరు ఎత్తకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"ఇవాళే తంతి కొడతాను ఫిలడెల్ఫియాకు" అని, డెవేనీ జనం వైపు తిరిగాడు. "బాబూ, ఇందులో నా మోసం లేదు. చేసినవాళ్ళ తెలివితక్కువతనం. ఇది మనిషన్నవాడికి అందదని నేనే ఎక్కి చూపిస్తాను, చూడండి."

టోపీ పెట్టుకుని, బయటి వరసలో ఉన్న తెల్లగుర్రం ఎక్కాడు. జెల్మన్ నా చెయ్యి పట్టుకున్నాడు. వాడు రాట్నాన్ని చూడటం లేదు, ఆ స్టూలును చూస్తున్నాడని నాకు తెలుసు.

మొదటి చుట్టులో డెవేనీ కుడిచెయ్యి చాచాడు, అందలేదు, జనం నవ్వారు. రెండో చుట్టులో సముద్రపు గాలి వీచి టోపీ లేచింది. దాన్ని కుడిచేత్తో పట్టుకోవాల్సి వచ్చింది. ఆ సందులో ఎడమచెయ్యి తనంతట తానే వెళ్ళి, టక్కున రింగు లాక్కొచ్చింది.

ఇనుపది. ఆయన దానివంక వింతగా చూసుకున్నాడు. తర్వాతి చుట్టులో మళ్ళీ అదే చెయ్యి వెళ్ళింది, ఈసారి కావాలనే. ఇంకోటి. జనం నవ్వడం మానేసి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఆగబోయే ముందు చుట్టులో ఆయన చేతిలో పసుపురంగు మెరిసింది. కసాయే అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు.

డెవేనీ దిగి తిన్నగా నా దగ్గరికి వచ్చాడు.

"ఆరోజు నత్తగుల్లల బండి దగ్గర నువ్వు చూశావు కదమ్మా."

"చూశానండీ."

"బళ్ళో సిస్టర్ ఈ చేతిని బెంచీకి కట్టేసేది. దయ్యం చెయ్యి అనేది."

"దయ్యానికి గురి బాగానే ఉందండీ" అన్నాను.

ఆయనకు నవ్వాలో వద్దో తెలియలేదు. జెల్మన్ గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, మరి ఆ ఫిలడెల్ఫియా తంతి సంగతి?"

"ఏ తంతి?" అన్నాడు డెవేనీ. ఇత్తడి రింగును నిల్సన్ చేతిలో పెట్టాడు. "దీనికి ఒక సవారీ ఉచితం కదూ?"

"పార్కే మీది కదయ్యా. ఊరికే ఎక్కండి."

"పార్కు నాదేనయ్యా. ఈ సవారీ మాత్రం నేను గెలుచుకున్నాను."

అని వెళ్ళి వరసలో కసాయి వెనక నిలబడ్డాడు. తన వంతు వచ్చేదాకా ఎడమచేతి వేళ్ళు ముడుస్తూ, చాపుతూ ఉన్నాడు. మళ్ళీ తెల్లగుర్రమే ఎక్కాడు. రాట్నం కదిలింది. నా గులాబీల పక్కనుంచి ఆయన ముఖం వస్తూ పోతూ ఉంది.

జెల్మన్ నా చెయ్యి ఇంకా వదల్లేదు.

"అక్కా, చూడవే," అన్నాడు, "నవ్వుతున్నాడు."