సాంబ్రాణి పొగ

సాంబ్రాణి చట్టిని కాలితో తన్నాను. నిప్పులు చింది మగ్గం మీద పట్టుదారాలు కాలాయి. కాలనీ! నా కూతురు జ్యోతికి ఊపిరాడకపోతుంటే ఎవడికి కావాలి ఆ చీర?

రెండేళ్ల పిల్లకు తట్టు పోసింది. మా ధర్మవరంలో అది అమ్మవారి రాక. గుమ్మానికి వేపమండలు కట్టాక, తలకు నీళ్లు పోసేదాకా పిల్ల గడప దాటకూడదు, ఒంటికి సూది తగలకూడదు. మా అత్త ఓబులమ్మ కిటికీలు మూసి పూటపూటకూ పొగ వేసింది. దద్దుర్లు నల్లబడగానే అమ్మ శాంతించిందని చెంపలేసుకుంది. అసలు పీడ అప్పుడే మొదలైంది. ఒకటే దగ్గు, ఎగశ్వాస. ఊపిరి తీసినప్పుడల్లా పిల్ల డొక్కలు లోపలికి పోతున్నాయి. పెదాలు నీలంగా మారాయి.

"నిప్పు తన్నుతావా? అమ్మ ఊరుకుంటాదా, ముండా!" అత్త నా జుట్టు పట్టుకుని గోడకు కొట్టింది. విదిలించుకుని పిల్లను ఎత్తుకున్నాను.

నా మొగుడు మారుతి గడపకు అడ్డం నిలబడ్డాడు. "యాడికి పోతాండావు? నీళ్లు పోసేదాకా కదిలేది లేదు."

"జరుగు."

చెంప పగిలేలా కొట్టాడు. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. మగ్గం మీద దారం అటూ ఇటూ నడిపే ఇనుప మొనల నాడె చేతికందింది. దాంతో వాడి నుదుటి మీద ఒక్కటేశాను. "అబ్బా" అని కూలబడ్డాడు. నాకేం పాపం అనిపించలేదు. వేపమండలు పీకి పారేసి వీధిలోకి ఉరికి, మా వీధి లింగన్న ఆటో ఎక్కాను.

"తట్టు ఊపిరితిత్తుల్లోకి దిగింది, న్యుమోనియా" అంది ఆస్పత్రిలో డాక్టరమ్మ. సూదిమందు వేసి, ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రానికి పెదాలు ఎర్రబడ్డాయి. అప్పుడు బావురుమన్నాను.

మారుతి నుదుటికి కట్టుతో వచ్చాడు, వెనకే అత్త. మళ్లీ మీద పడుతుందేమోనని మంచానికి అడ్డం నిలబడ్డాను. ఆమె నన్ను చూడనే లేదు. పిల్ల డొక్కల్నే చూస్తోంది.

"మారుతి కంటే ముందు నాకొక ఆడపిల్ల ఉండె. తట్టు పోసి, ఇట్లే ఎగబోసింది. అమ్మకు కోపమొచ్చిందనుకొని పొగ ఇంకా ఎక్కువేసినా."

ఆ సంగతి ఆ ఇంట్లో నాకెవరూ చెప్పలేదు.

"ఈ గాలి పెట్టింటే బతికుండునా, చంద్రికా?"

లేదని అబద్ధం చెబుదామనుకున్నాను. చేతకాలేదు. "బతికుండునేమో అత్తా."

ఓబులమ్మ రెండు చేతులతో తన మొహం మీద కొట్టుకోసాగింది. పొద్దున నా జుట్టు పట్టి గోడకు కొట్టిన చేతులవి. ఆపడానికి నేనూ మారుతీ చెరొకటి పట్టుకోవాల్సి వచ్చింది.