వెర్నా లోపలే ఉంది

శుక్రవారం వచ్చిందంటే మా ప్యాచ్‌లో, అదే గనికార్మికుల పేటలో, ముసలమ్మలంతా చర్చి కింద వంటగదిలో చేరి పిరోగీలు వత్తుతారు. మన కజ్జికాయల్లాగే అనుకోండి, కాకపోతే లోపల బంగాళాదుంపా చీజూ పెట్టి అంచులు నొక్కేసి ఉడకేస్తారు. ఆ పొడవాటి బల్లకి ఈ కొసన వెర్నా, ఆ కొసన స్టెఫీ. వెర్నా వదిన, స్టెఫీ ఆడపడుచు. నలభై ఏళ్లకి పైగా ఒకరితో ఒకరికి మాటల్లేవు. ఏదైనా కావాలంటే మధ్యలో కూర్చున్నావిడతో చెప్పించుకునేవారు.

పోనీ దూరంగా ఉంటారా అంటే అదీ లేదు. బొగ్గు కంపెనీ కట్టించిన జంట ఇంట్లో చెరో సగం వాళ్లది. మధ్యలో ఒకటే గోడ. వెర్నా రేడియో గట్టిగా పెడితే స్టెఫీ చీపురుకర్రతో గోడ మీద బాదుతుంది. వెర్నా గరిటెతో తిరిగి బాదుతుంది. గుడ్ మార్నింగులూ గుడ్ నైట్లూ అన్నీ అవే.

ఆ శుక్రవారం నేల మీద తడిపిండి తొక్కి వెర్నా దబ్బున పడింది. తుంటి దగ్గర ఎముక బీట వారింది.

"కింద పిండి పొయ్యకండర్రా అని మొత్తుకుంటే వింటారా!" అంది స్టెఫీ, కూర్చున్నచోటి నుంచి లేవకుండానే. కానీ అంబులెన్స్ వచ్చాక అందరూ ఆవిడ వంకే చూశారు. వెర్నాకి పిల్లల్లేరు, బంధువంటే ఈవిడొక్కతే. తిట్టుకుంటూ కోటు తొడుక్కుని ఎక్కింది.

పెద్దాసుపత్రిలో వెర్నాకి మంచం ఇచ్చారు. చేతికి పేరున్న పట్టీ కట్టారు. రక్తం తీశారు, సూదులు గుచ్చారు, ఉప్పులేని సూపు పోశారు. ఆపరేషన్ అక్కర్లేదు గానీ నిలబెడితే చాలు రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతున్నాయి. కొన్ని వారాలు వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో ఉంటే వాళ్లే మెల్లిగా నడిపించి ఇంటికి పంపుతారన్నారు. మా ఊళ్లో ఎవరైనా ఏమనుకుంటారు? మంచం ఇచ్చారంటే ఆసుపత్రిలో చేర్చుకున్నట్టే అనుకుంటారు. వెర్నా కూడా అలాగే అనుకుంది.

సోమవారం మధ్యాహ్నం ప్రూయెట్ అని ఒకాయన వచ్చాడు. రోగుల్ని ఎక్కడికి పంపాలో చూసే ఆఫీసు ఆయనది. గొంతులో తేనె కారుతోంది.

"అమ్మా, మీరివాళ నర్సింగ్ హోమ్‌కి వెళ్లిపోవచ్చు. కాకపోతే ఖర్చంతా మీదే. మెడికేర్ ఇవ్వదు."

"ఎందుకివ్వదు? ముసలితనంలో సర్కారు బీమా ఉంటుందనేగా జీవితాంతం కట్టాం!"

"మూడు రాత్రులు ఆసుపత్రిలో అడ్మిట్ అయి ఉంటేనే అక్కడి ఖర్చు ఇస్తుందమ్మా."

"శుక్రవారం నుంచీ ఇక్కడే పడున్నాను కదయ్యా!"

"ఉన్నారు, కాదనను. కానీ మిమ్మల్ని అడ్మిట్ చెయ్యలేదు. అబ్జర్వేషన్‌లో పెట్టాం. అంటే గమనిస్తున్నాం, అంతే."

మూల కుర్చీలోంచి స్టెఫీ అందుకుంది. "గమనిస్తున్నారా? కిటికీలో కూర్చుని మా పిల్లి కూడా నన్ను రోజంతా గమనిస్తుంది. అదెప్పుడూ నాకు సూది గుచ్చలేదు."

"రూల్సు నేను పెట్టలేదమ్మా."

"పెట్టినవాణ్ణి పంపు, వాడితోనే మాట్లాడతా."

వెర్నా మొహం పాలిపోయింది. చేతిలో డబ్బు లేదు. ఉన్నదల్లా ఆ సగం ఇల్లు. అది అమ్మితే తప్ప నర్సింగ్ హోమ్ గడప తొక్కలేదు. అమ్మాక తిరిగొచ్చి ఎక్కడుంటుంది? నేరుగా ఇంటికే పోదామంటే పడగ్గది మేడ మీద, మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి.

డాక్టర్ హోల్డెన్ వచ్చింది. చిన్నపిల్ల, కళ్లకింద నలుపు.

"అడ్మిషన్ రాసేది నువ్వా, ఈయనా?" అంది స్టెఫీ.

"నేనేనండీ."

"మరి రాయవేం?"

ఆ అమ్మాయి ప్రూయెట్ వైపు చూసింది. ఆయన సన్నగా నవ్వి, "ఆవిడ కేసు దానికి సరిపోదు, డాక్టర్," అన్నాడు. ఆ నవ్వు గురించి వింటేనే నాకు ఒళ్లు మండింది, అక్కడున్న స్టెఫీ సంగతి చెప్పాలా! చరాలున లేచి బస్సెక్కి ఇంటికెళ్లింది. వాళ్లు వెర్నాని పంపేసే బండి సిద్ధం చేసేలోపు తిరిగొచ్చింది. సంచీలోంచి సుత్తి తీసి, వెర్నా తల దగ్గర గోడకి మేకు కొట్టి, దానికి ఒక ఇత్తడి బిళ్ళ తగిలించింది.

బిళ్ళ సంగతి మా వైపు అందరికీ తెలిసిందే. గనిలోకి దిగే ప్రతివాడూ తన అంకె చెక్కిన బిళ్ళ మేకుకి తగిలించి దిగేవాడు, పైకొచ్చి గేటు దాటేముందు తీసుకునేవాడు. బిళ్ళ మేకుకి ఉన్నంతసేపూ మనిషి లోపలున్నట్టే. ఏ తలుపూ బయటికి వదలదు. బిళ్ళ గలవాడు గానీ, వాడి రక్తసంబంధం గానీ తగిలిస్తేనే అది నిలుస్తుంది, వాళ్లు తీస్తేనే ఊడి వస్తుంది. మొగుడి బిళ్ళ పెళ్లానికీ చెల్లుతుంది. ఒకసారి ఎవడో సరదాకి సారా కొట్లో తగిలించి, తాగిన మత్తులో తీయడం మర్చిపోయి మూడు రోజులు బయటికి రాలేకపోయాడు. అప్పట్నుంచీ కొట్లవాళ్లు గోడల మీద మేకులుంచరు.

వెర్నా తల తిప్పి బిళ్ళ మీద అంకె చూసింది. నలభై ఏళ్లలో మొదటిసారి స్టెఫీతో నేరుగా మాట్లాడింది.

"అది జార్జీది! నా కళ్లముందుకి తేవడానికి నీకెన్ని గుండెలే!"

జార్జీ వెర్నా మొగుడు, స్టెఫీ అన్న. గని కూలినప్పుడు లోపలుండిపోయాడు. బిళ్ళ మేకుకి ఉన్నంతకాలం కంపెనీ తవ్వి తీరాలి, అదీ మా కట్టుబాటు. తవ్వారు. తవ్వేవాళ్ల మీద కప్పు విరిగిపడి ఇద్దరి కాళ్లు పోయాయి. అయినా తవ్వారు. చివరికి స్టెఫీ వెళ్లి బిళ్ళ తీసేసింది. తవ్వకం ఆగింది. భార్యకి రక్తసంబంధం కాదు కదా, వెర్నా మళ్లీ తగిలిద్దామని మేకుకి ఎన్నిసార్లు పెట్టినా జారి కిందపడింది. మాటలు ఆగిపోయింది ఆ రోజే.

"నీకోసం తేలేదు. అంత సీన్ లేదు," అంది స్టెఫీ. "నీ సగం అమ్ముడైతే గోడవతలకి ఎవడో కొత్తవాడు వస్తాడు. నీమీద కోపం నాకు అలవాటైపోయింది. ఈ వయసులో ఇంకొకణ్ణి కొత్తగా అసహ్యించుకునే ఓపిక నాకు లేదు."

ప్రూయెట్ చక్రాల కుర్చీలో వెర్నాని కూర్చోబెట్టించి తలుపు దాటించాడు. దాటగానే కుర్చీ అదే గదిలోకి, మంచం పక్కకే వచ్చింది. మళ్లీ తోశాడు. మళ్లీ మంచం పక్కకే. లిఫ్టు పనిచెయ్యకపోతే చూసినట్టు చూశాడు మేకు వంక. ఆయన తాతా గనివాడే.

"తియ్యండమ్మా అది."

"తియ్యను."

"ఇలా ఎంతకాలమని అబ్జర్వేషన్‌లో ఉంచమంటారు?"

"అదే నేనూ అడుగుతున్నా. లోపలున్న మనిషిని లోపలున్నట్టు రాయడానికి మీకేం నొప్పి?"

"నిలబడితే బీపీ పడిపోతోంది. ఇది మొదట్రోజే రాయాల్సింది," అంది డాక్టర్ హోల్డెన్ హఠాత్తుగా. ప్రూయెట్ ఏదో అనబోయాడు. "నా సంతకం, నా ఇష్టం," అని ఆయన ముందే అడ్మిషన్ రాసేసింది. ఆయన తేనె గొంతు ఆ తర్వాత ఎవరూ వినలేదు.

గురువారానికి మూడు రాత్రులూ నిండాయి. మెడికేర్ ఖర్చు ఇవ్వడం ఖాయమైంది. నర్సింగ్ హోమ్ బండి వచ్చి కింద ఆగింది. కుర్చీ పట్టుకున్న కుర్రవాళ్లు, "బిళ్ళ తీస్తే బయల్దేరతాం," అన్నారు.

స్టెఫీ చెయ్యి పైకెత్తింది. బిళ్ళ దాకా వెళ్లి ఆగిపోయింది. దించేసి కుర్చీలో కూలబడింది.

"నావల్ల కాదు."

"ఏమే, మళ్లీ ఏం రోగం?" అంది వెర్నా.

"ఒకసారి తీశాను. లోపల మనిషుండగా తీశావని నలభై ఏళ్లు గోడవతల నుంచి ఏడ్చావు. ప్రతి రాత్రీ విన్నాను. చీపురుకర్రతో బాదింది రేడియోకి కాదు. ఇంక నేను తియ్యను. చచ్చినా తియ్యను."

కింద బండి హారన్ కొట్టింది. ప్రూయెట్ గుమ్మంలో గడియారం చూసుకుంటున్నాడు. వెర్నా బిళ్ళ వైపు చూసింది.

"ఆ రోజు లోపల ఊపిరుందో లేదో నీకూ తెలీదు, నాకూ తెలీదు," అంది. "తెలిసుంటే నువ్వు తీసేదానివి కాదు. అది నాకెప్పుడో తెలుసు. ఒప్పుకుంటే తిట్టడానికి ఎవరూ మిగలరని ఒప్పుకోలేదు."

స్టెఫీ ముక్కు చీదింది.

"ఇవాళ లోపలున్నదాన్ని నేను. నోరు విప్పి చెప్తున్నాను, విను. తియ్యి స్టెఫీ. నేను బయటికొస్తున్నాను."

స్టెఫీ లేచి బిళ్ళ తీసింది. కుర్చీ తలుపు దాటి వరండాలోకి వెళ్లింది.