జూన్ ఒకటి దాకా

నేనుండేది అమెరికాలో, షామ్‌బర్గ్‌లో. ఇక్కడ మే ఇరవై దాటినా స్వెటర్ లేకుండా బస్ స్టాప్ దాకా పోలేం. అయినా నిద్ర లేవగానే నా ఫోన్‌లో చూసేది మస్కట్ ఎండ. ఆ ఉదయం నూట తొమ్మిది ఫారెన్‌హీట్ అని చూపించింది. మన లెక్కలో నలభై మూడు. సముద్రం ఒడ్డున ఉన్న ఊరు కదా, చల్లగాలి వస్తుందనుకుంటారు తెలియనివాళ్లు. ఒకపక్క ఎడారి, ఇంకోపక్క ఉప్పునీళ్లు. వచ్చేది ఇడ్లీపాత్ర మూత తీసినప్పటి ఆవిరి.

"మళ్లీ మొదలెట్టావా? నువ్వు చూస్తే ఎండ తగ్గుద్దా ఏంటి?" అంది నా రూమ్మేట్ హంసిక, బ్రెడ్ మీద ఆవకాయ రాసుకుంటూ. తనది గుంటూరు. ఎండల గురించి తనకి ఎవరూ చెప్పనక్కర్లేదని నమ్మకం.

తగ్గదని నాకూ తెలుసు. నా గోల వేరు. మస్కట్‌లో జూన్ ఒకటి నుంచి మిట్టమధ్యాహ్నం మూడు గంటలు ఆరుబయట పని చేయించకూడదని చట్టం ఉంది. బాగానే ఉంది. కానీ ఎండ జూన్ ఒకటి దాకా ఆగదు. మే సగానికే మాడ్చేస్తుంది. చట్టం మాత్రం తారీఖు చూసుకుని తీరిగ్గా నిద్ర లేస్తుంది. మధ్యలో మిగిలిన ఆ రెండు వారాల్లో మా బాపు ఉన్నాడు.

బాపు అంటే నాన్న. పేరు తిరుపతయ్య. మాది జగిత్యాల పక్కన పల్లె. పదకొండేళ్లుగా మస్కట్‌లో బిల్డింగులకి ఇనుప చువ్వలు కట్టే పని. నేను ఇక్కడ చదువుతున్నది పనిచేసే చోట మనుషుల భద్రత గురించి. ఎంత వేడిలో ఎంతసేపు పని చేస్తే గుండె ఏమవుతుందో గ్రాఫులు గీస్తాను. గీసిన ప్రతిసారీ, యాభై నాలుగేళ్ల బీపీ మనిషి ఆ గీత మీద ఎక్కడుంటాడో వెతుక్కుని భయపడతాను.

ఆ వారమే అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "మీ బాపుతోని పనిజేసే మల్లేశం లేడా, మనూరాయన, మొన్న పగటీలి ఎండల కండ్లు తిరిగి పడ్డడట."

ఇక కాలు నిలవలేదు. బాపుకి ఫోన్ చేశాను. అక్కడ అప్పుడే పొద్దు గూకుతోంది.

"నాకేమైతది బిడ్డా? నేను ఏసీ క్యాబిన్ల కూసుంట. సంక్రాంతి అయినంక ఫోర్‌మన్‌ను జేసిన్రని చెప్పలేదా?"

చెప్పాడు. నేను నమ్మలేదు. గల్ఫ్‌లో ఉన్న ఏ తండ్రీ పిల్లలకి ఎండలో ఉన్నానని చెప్పడు. మా వాడలో అందరి నాన్నలూ ఏసీలోనే పనిచేసేవాళ్లు. సెలవుకి వస్తే మాత్రం ఒక్కొక్కరి మెడ మాడిన పెనంలా ఉండేది. చిన్నప్పటి నుంచి వింటున్న అబద్ధానికి ఈసారి ఫోర్‌మన్ అని పేరు పెట్టాడనుకున్నాను.

"మల్లేశంకు ఎందుకైంది మరి?"

"తినకుంట అచ్చిండు. జూన్ ఒకటి దాకనే గదా, పది రోజులు. నువ్వు మంచిగ సదువుకో."

అంత తేలిగ్గా అనేసరికి ఒళ్లు మండింది. ఆ మధ్యాహ్నమే లైబ్రరీలో కూర్చుని, బాపు పనిచేసే బిల్డింగ్ కట్టిస్తున్న పెద్ద కంపెనీ వెబ్‌సైట్ వెతికి పట్టుకున్నాను. ఫిర్యాదు చేయడానికి ఒక ఫామ్ ఉంది. పేరు రాయనక్కర్లేదట.

"ముందు అంకుల్‌ని అడగవే," అంది హంసిక.

"అడిగితే వద్దంటడు."

"అందుకే అడగమంటున్నా."

వినలేదు. నేర్చుకున్న ఇంగ్లిష్ అంతా అందులో కుమ్మరించాను. ఫలానా సైట్‌లో ఫోర్‌మన్ మనుషులతో నడినెత్తి ఎండలో పని చేయిస్తున్నాడని, పడిపోయినవాణ్ణి కూడా లేపి పని చెప్పాడని రాశాను. లేపాడో లేదో నాకు తెలియదు. అలాంటివాళ్లు అలాగే చేస్తారని రాసేశాను. చివర్న, ఆ ముఠాలో యాభై నాలుగేళ్ల మనిషి ఉన్నాడని, బీపీ మాత్రలు వేసుకుంటాడని, ఆయన కోసం ఇంటి దగ్గర ఒక కూతురు ఎదురుచూస్తోందని చేర్చాను. పంపించాక ఘనకార్యం చేసినట్టు కాఫీ కూడా కొనుక్కున్నాను.

ఐదో రోజు ఉదయం బస్ స్టాప్‌లో ఉండగా బాపు నుంచి ఫోన్. అది ఆయన చేసే వేళ కాదు.

"ఏం గాలే, భయపడకు," అన్నాడు ముందే. "నిన్నటి సంది పగటీలి ఎండల పని బందువెట్టిన్రు. జూన్ దాక ఆగలే. తెల్లారగట్ల నాలుగింటికే పని షురూ."

"నిజంగనా? మంచిగైంది బాపూ!"

"మంచిగనే అయింది. నన్ను ఫోర్‌మన్‌లకెల్లి తీసేసిన్రు. మల్ల సువ్వలు గట్టవట్టిన."

బస్సు వచ్చింది, తలుపు తెరిచింది, వెళ్లిపోయింది. ఏసీ క్యాబిన్ నిజం. ఫోర్‌మన్ నిజం. ఆయన జీవితంలో మొదటిసారి నీడలో కూర్చున్నాడు, నేను చేయి పట్టి ఎండలోకి లాగాను.

"నేనే రాసిన బాపూ," అన్నాను.

"ఎరుకే. మేనేజర్ ఆ కాయితం సదివి ఇనిపిచ్చిండు. యాభై నాలుగేండ్లోడట, బీపీ గోళీలు మింగుతడట. అసుంటోడు మా ముఠాల నేనొక్కన్నే." నవ్వబోయి దగ్గాడు. "మల్లేశంను లేపిన సంగతి నీకెవరు జెప్పిన్రు?"

"ఎవరూ చెప్పలే. ఊకనే రాసిన. నువ్వు... లేపినవా?"

వెనకాల ఎక్కడో ఇనుము మోగుతోంది.

"లేపిన. క్యాబిన్ అద్దంలకెల్లి చూసిన, ఆయన పడుడు. బయటికచ్చి ఐదు నిమిషాలు కూసోమన్న. మల్ల పనికి లేపిన. నన్ను గట్లనే లేపిన్రు బిడ్డా, పదకొండేండ్లు. ఫోర్‌మన్ పనంటే గదే అనిపిచ్చింది."

కోపం వచ్చింది. ఆయన మీద వచ్చింది, నా మీద వచ్చింది. తిట్టాలనీ ఉంది, కాళ్లు పట్టుకోవాలనీ ఉంది. రెండూ చేయలేక స్టాప్‌లో అటూ ఇటూ తిరిగాను.

"గిప్పుడు వాళ్లతోనే పనిజేస్తున్నవా?"

"వాళ్ల పక్కపొంటే. ఇయ్యాల పది గొట్టంగ నోరెండిపోయింది. ఎవలను అడుగుత? ఏ మొఖం వెట్టుకొని అడుగుత? మల్లేశమే అచ్చిండు. నీళ్ల సీస మూత దీసి నా చేతిల వెట్టిండు. ఒక్క మాటనలే."

బాపు ఏడుస్తున్నాడని అప్పుడు తెలిసింది.

"నేను ఆ పొద్దు ఆయనకు నీళ్లు గూడ ఇయ్యలే, బిడ్డా."