మొదటి మేకు

గోడకు కొట్టిన మేకుల్లో మొదటిదానికి తన ఇత్తడి బిళ్ళ తగిలించి, ఈదయ్య అశోక్ నగర్ హాస్టల్ గేటు దగ్గర కాపలా స్టూలు మీద కూచున్నాడు. మెడ నరాలు తాళ్ళలా తేలిన మనిషి. ఆమ్లం తిన్న చేతులు, గోళ్ళు సగమే ఉన్నాయి.

పడుచు వయసులో, డెబ్బై ఒకటి యుద్ధం రోజుల్లో, కొండల నడుమ కంచె వేసిన అణు పరిశోధన నగరంలో పనిచేశాడు. ఆ ఊరు ఏ పటంలోనూ లేదు. లోపలికి పోయేవాడు మేకుకు బిళ్ళ వేయాలి, బయటికొస్తూ తీసుకోవాలి. ఒకరి బిళ్ళ ఇంకొకరు ముట్టరాదు. సాయంత్రం బిళ్ళ మిగిలితే మనిషి లోపలే ఉన్నట్టు. వెతికితే ఒక్కోసారి శవం దొరికేది. అక్కడి మాట బయట పలకనని ఒట్టు వేయించుకున్నారు. ఏం పని చేసినవని భార్య కురుమమ్మ చచ్చేదాకా అడిగింది. చెప్పలేదు.

హాస్టల్లోనూ అదే పద్ధతి పెట్టాడు. కొలువుల కోసం చదివే పిల్లలు, "ఏంది కాకా, మేమేమన్న ఖైదీలమా" అని నవ్వుతూనే పేర్లు గీకిన రేకు బిళ్ళలు తగిలించేవారు.

ఆ మధ్యాహ్నం తెలంగాణ ఊరేగింపు మీద లాఠీలు విరిగాయి. పిల్లలు బాష్పవాయువు పొగలోంచి పరుగెత్తుకొచ్చారు. ఎల్లేశం నుదురు చిట్లి చొక్కా నెత్తురుతో తడిసింది. అయినా అలవాటు చొప్పున బిళ్ళ తగిలించాకే మెట్లెక్కాడు. అందరూ అంతే.

పోలీసు బూట్ల చప్పుడు దగ్గరైంది. ఈదయ్య గోడ వైపు చూశాడు. లోపల ఎవరెవరున్నారో గోడే చెబుతోంది. కేసు పడితే ఏ ఒక్కడికీ కొలువు రాదు. జీవితంలో మొదటిసారి పరాయి బిళ్ళలు ముట్టాడు. అన్నీ ఊడబెరికి లుంగీ మడతలో దోపి, తనదొక్కటే ఉంచాడు.

"ఎవడెవడున్నడ్రా లోపల?" అన్నాడు ఎస్సై.

"ఎవ్వల్లేరు సారు. నేనొక్కన్నే."

లాఠీ మోకాలి మీద పడింది, తర్వాత భుజం మీద. కిందపడితే బిళ్ళలు మోగుతాయి. రెండు చేతులూ పొట్టకు అదిమి నిలబడ్డాడు. ఎస్సై లాఠీ కొసతో అక్కడే పొడిచాడు. మళ్ళీ పొడిచాడు. రేకు అంచులు కడుపులో దిగాయి. ఈదయ్య పట్టు వదల్లేదు. పక్క సందులో రాళ్ళు పడుతున్నాయని కేక వినబడితే ఉమ్మేసి వెళ్ళిపోయారు.

పొద్దుగూకే వేళ పిల్లలు దిగొచ్చారు. ఈదయ్య స్టూలు మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. దవాఖానకు పోదామని ఎల్లేశం రెక్క పట్టుకున్నాడు.

"మీ బిళ్ళలు తీస్కోండ్రి," అన్నాడు ఈదయ్య.

నెత్తుటి మడతలోంచి ఎవరిది వాళ్ళు ఏరుకునేలోపే తల వాలిపోయింది.

హాస్టల్ యజమాని దినాలు కాకముందే కొత్త మనిషిని పెట్టాడు, గోడకు సున్నం కొట్టించాడు. సున్నమేసేవాడి కుంచెకు పిల్లలు అడ్డం నిలబడ్డ చోట, మొదటి మేకుకు ఇత్తడి బిళ్ళ అట్లాగే వేలాడుతోంది.