ప్రేరణ ప్రశ్న

పిల్లల చేత పాఠం పేరు చెప్పించలేనిది టీచరే కాదని మా ట్రైనింగ్ స్కూల్లో ఒక చాదస్తం ఉండేది. ‘ఈ రోజు జీర్ణవ్యవస్థ’ అని మనం నోరు జారితే మార్కులు పోయినట్టే. ప్రశ్న మీద ప్రశ్న వేసి, అటు తిప్పి ఇటు తిప్పి, ఆ మాట పిల్లల నోటి నుంచే రాబట్టాలి. అప్పుడే బోర్డు మీద రాయాలి. ఈ తంతుకు ప్రేరణ అని పేరు. ఎవరికి ప్రేరణో నాకు ఈనాటికీ తెలియదు.

డెబ్బై తొమ్మిదిలో నాకు పాఠాలు చెప్పే ప్రాక్టీసుకు మల్కాపురంలో ఒక ప్రాథమిక పాఠశాల పడింది. నాలుగో తరగతి. ఆ రోజు చెప్పాల్సింది క్రిటిసిజం పాఠం. అంటే తోటి ట్రైనీలంతా వెనక బెంచీల మీద కూర్చుని మన తప్పులు ఏరుతారు. వాళ్ళ మధ్యలో మా లెక్చరరు గురునాథరావు మాస్టారు కూర్చుని, ఆ తప్పులకు మార్కులు కోస్తారు. ఇందులో పోతే అదే తరగతికి పాఠం మళ్ళీ చెప్పాలి, ఆ ఏటి పరీక్షకు మాత్రం కూర్చోనివ్వరు.

పోర్టులో పనిచేసే మా అన్నయ్య ముందే చెప్పేశాడు. “ఒక్కపాలే సదివిస్తాను గౌరీ. తప్పినావంటే మరి ఊరెల్లిపోవడమే.” ఊరంటే అమ్మ పక్కన వంగి కూలికి నాట్లు వెయ్యడం. గౌను వేసుకునే వయసు నుంచి వేసినదాన్ని. మళ్ళీ ఆ బురదలో దిగే ఉద్దేశం నాకు లేదు.

తరగతి టీచరు నారాయణమ్మ గారికి మా ట్రైనీలంటే పరమ అసహ్యం. గుమ్మంలోనే నా చేతిలో చార్టు చూసి మూతి తిప్పారు.

“పేగుల బొమ్మా? నువ్వూ అదే తెచ్చావేటి? ఏటేటా వొస్తారు, నా పిల్లల్ని పాడుసేసి పోతారు. కానీ, నాకేటి.”

ఒళ్ళు మండింది కానీ ఊరుకున్నాను. చార్టును బోర్డు వెనక దాచి, పిల్లల వైపు తిరిగి, నేర్చుకున్న నవ్వు ఒకటి ముఖాన పెట్టుకుని మొదటి ప్రశ్న వేశాను.

“పిల్లలూ, పొద్దున్న ఏం తిన్నారు?”

“జీర్ణవ్యవస్థ!”

తరగతి తరగతంతా ఒకే గొంతుతో అరిచింది. ముందు వరసలో ఒకడు లేచి, “నోరు, ఆహారవాహిక, జీర్ణాశయం, సిన్నపేగు, పెద్దపేగు,” అని గడగడా అప్పజెప్పేసి, మెచ్చుకోలు కోసం నా ముఖం చూశాడు. వెనక నా తోటివాళ్ళు పళ్ళికిలించారు.

“ఆపమ్మా,” అన్నారు గురునాథరావు మాస్టారు. “నిన్నే వచ్చి రిహార్సల్ చేయించుకున్నావన్నమాట. సిగ్గు లేదూ? మోసం చేసి పాసైనవాళ్ళు రేపు పిల్లలకేం నేర్పుతారు?”

“నేను నిన్న ఈ వీధికే రాలేదు సార్.”

“అయితే వీళ్ళకు కలలోకొచ్చిందా?”

ఆయన పెన్ను మూత తీశారు. ఆ మూత తీయడం చూస్తే ఆయన మీద పడి పెన్ను లాక్కోవాలనిపించింది. అంతలో కుర్చీలోంచి లేవకుండానే నారాయణమ్మ గారు అందుకున్నారు. నా మీద జాలితో కాదు, ఆయన మీద పాత కోపంతో.

“ఆ పిల్ల నేర్పలేదు సార్, మీరే నేర్పినారు. వొచ్చినోలల్లా ఇదే పాఠం, ఇదే మొదటి ప్రశ్న. పాత ప్లాన్లు సూసి రాసుకోమంటే రాసుకుంటన్నారు. తప్పిన పిల్లలు ఇదే తరగతిలో మల్లీ కూకుంటన్నారు. గోడలకి కూడా వొచ్చీసింది.”

ఆయన ముఖం ఎర్రబడింది. నారాయణమ్మ గారిని ఏమీ అనలేక ఆ కోపమంతా నా మీదికి మళ్ళించారు.

“సరే. ఇంతవరకూ ఏ ట్రైనీ వెయ్యని ప్రశ్న ఒకటి వెయ్యి. లేదంటే చార్టు చుట్టుకుని బయటికి నడు.”

ఒక్క ప్రశ్నా తట్టలేదు. బుర్రలో ఉన్నవన్నీ ప్లానులోవే. ఏడుపు రాలేదు, కక్ష వచ్చింది. ఆయన మీద, ఆ పిల్లల మీద, ఆ పేగుల మీద కూడా.

“నేనడగను,” అన్నాను పిల్లలతో, కసిరినట్టే. “ఎప్పుడూ మేమే అడగాలా? మీరడగండి. తిండి గురించి మీకేం తెలుసుకోవాలనుంది?”

అంతసేపూ గోల చేసినవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. చివరి వరసలో ఒక పిల్ల లేచింది. పేరు చిట్టమ్మ. చేపల వేటకు పోయేవాళ్ళ పిల్ల.

“తింటే కడుపులో అరుగుద్ది కదా టీచర్. మరి తినకపోతే ఏటరుగుద్ది?”

“ఎందుకు తినవు?”

“సముద్రం పోటుగుంది. మా అయ్య ఏటకెల్లట్లేదు.”

“అది పాఠంలో లేదు,” అన్నారు వెనక నుంచి మాస్టారు. “కొత్త ప్రశ్న వేయించావు, సరే. ఇక పాఠంలోకి రా. నోటి దగ్గర మొదలుపెట్టు. ఆ పిల్లను కూర్చోమను.”

కూర్చోమంటే నేను గట్టెక్కేదాన్ని. ఆ సంగతి నాకు బాగా తెలుసు. కానీ ఆ పిల్ల సమాధానం కోసం నిలబడే ఉంది. ఆయనకు వీపు తిప్పాను.

“ఒంట్లో దాచుకున్న కొవ్వు ఉంటుందమ్మా. ముందు అది ఖర్చవుతుంది. అదీ అయిపోతే కండ కరుగుతుంది. తినకపోతే మనల్ని మనమే తింటామన్నమాట.”

చిట్టమ్మ తన జబ్బను రెండు వేళ్ళతో పట్టి చూసుకుంది.

“మరి నాకు కండ లేదు కద టీచర్?”

పిల్లలంతా పకపకా నవ్వారు. చిట్టమ్మ కూడా నవ్వింది. అప్పుడే గంట కొట్టారు.

మాస్టారు నన్ను వరండాలోకి పిలిచారు. పోర్టు లారీల రొదలో ఆయన గొంతు పెంచి మాట్లాడాల్సి వచ్చింది.

“ప్రేరణ లేదు. చార్టు తియ్యలేదు. బోర్డు మీద ఒక్క ముక్క రాయలేదు. పైగా ఎదురు తిరిగావు. నా సర్వీసులో ఇంత దరిద్రమైన పాఠం చూడలేదు.”

“తెలుసు సార్. ఎన్నేశారు?”

“పాస్ మార్కులు. అంతకు ఒక్కటి ఎక్కువ లేదు.”

నమ్మలేక ఆయన ముఖంలోకి చూశాను. అక్కడ దయలాంటిదేమీ లేదు.

“నీ మీద జాలిపడి కాదు,” అన్నారాయన. “తప్పించానంటే పాఠం మళ్ళీ చెప్పాలి. ఈ తరగతికే వస్తావు. ఆ పిల్ల ఖాళీ కడుపుతో కూర్చుని, అన్నం ఎలా అరుగుతుందో మళ్ళీ వినాలి.”

పాసయ్యాను. ఇక నాట్లకు పోనక్కర్లేదు. ఎగిరి గంతెయ్యాల్సింది. కానీ ఆయనంటే అంతకుముందు కంటే ఎక్కువ అసహ్యం వేసింది, ఆయన అన్నది నిజం కాబట్టి.