చేతిలోంచి చేతికి

నేను ఒక కత్తెరను. ఎవరైనా సంచి సర్దుతున్నారంటే నాకు గుబులు. ఆ రోజు సిరిసిల్లలో భూలక్ష్మి సంచిని మూడోసారి విప్పి సర్దుతోంది. కారప్పొడి పైకి వచ్చింది, స్వెట్టర్లు కిందికి పోయాయి. నన్ను ఎక్కడ పెట్టాలో మాత్రం తేలడం లేదు.

"చేతి సంచిల పెట్టకు బిడ్డా, ఇమానం కాడ గుంజుకుంటరట," అంది రాజవ్వ. ఆమె భూలక్ష్మికి చిన్నమ్మ. ఎక్కడో మీరట్‌లో పాత లారీ ఇనుములోంచి పుట్టిన నన్ను కొని, ఏళ్ల తరబడి లంగాలు కత్తిరించింది ఆమే. నా పిడి ఆమె బొటనవేలి తీరుగా అరిగింది.

భూలక్ష్మి పోయేది రొమేనియాకు, కోట్లు కుట్టే కంపెనీలో పనికి.

"ఆ దేశంల కుట్టెటోళ్లు లేరానే?"

"ఉండిరి చిన్నమ్మా. జీతం ఎక్కువొస్తదని జర్మనీ పోయిండ్రట."

"మరి నువ్వు ఆడికి పోతే ఈడెవలు కుడుతరు?"

"బీహారోళ్లు వస్తలేరా?"

"గట్లయితే బీహార్ల ఎవలున్నరే?"

ఇద్దరూ నవ్వారు. రాజవ్వ నన్ను పాత చీర కొంగులో రెండు చుట్లు ఎక్కువే చుట్టింది. "నువ్వు నన్ను మర్శినా మర్వు, నా కత్తెర మళ్ల రావాలె," అంటూ నన్ను మంచం మీద పెట్టింది. భూలక్ష్మి అక్కడినుంచి తీసుకుంది. మావాళ్లు కత్తెరను చేతిలోంచి చేతికి ఇవ్వరు. ఇస్తే ఆ ఇద్దరికీ పోట్లాట వస్తుందంటారు.

ఆ కంపెనీలో సగం కుర్చీలు ఖాళీగా ఉండేవి. పక్క మిషను వియోరికాది. యాభై దాటిన మనిషి, ఆ ఊరిలోనే పుట్టింది. ఒకే కోటుకు కుడి చేయి వియోరికా కుట్టేది, ఎడమ చేయి భూలక్ష్మి. కుడి చేతికి జీతం ఎక్కువ. కోటు తొడుక్కునేవాడికి ఆ సంగతి తెలియదు. వియోరికా కూతురు జర్మనీలో ఒక వృద్ధాశ్రమంలో దుప్పట్లు మార్చేది. తల్లికి నెలంతా కుడితే వచ్చేది ఆమెకు వారంలో వచ్చేది. అదే దుప్పటి రెండో కొస పట్టుకున్న జర్మనీ మనిషికి ఇంకా ఎక్కువ. ఆ మనిషికి మధ్యలో వాటా తీసుకునే ఏజెంటు లేడు.

మొదటి వారమే గొడవైంది. వియోరికా చేయి చాస్తే, భూలక్ష్మి నన్ను బల్ల మీద పెట్టింది. "నా చేయి మురికిదా?" అని వియోరికా మొహం తిప్పుకుంది. వారం రోజులు మాట లేదు. భూలక్ష్మికి అక్కడ వేరే దిక్కు ఎవరున్నారు? చివరికి నన్ను చూపించి, రెండు పిడికిళ్లు పొట్టేళ్లలా ఢీకొట్టి చూపించింది. వియోరికా పడీపడీ నవ్వింది. అప్పటినుంచి నేను కావాలంటే బల్ల మీద చరిచి, "పెట్టు మహారాణీ!" అనేది.

రెండో ఏడు వియోరికా ఇంటి కప్పు కురవడం మొదలైంది. బాగుచేయించడానికి ఆ జీతం చాలదు. కూతురి దగ్గరికి పోయి పనిచేస్తానంది.

"ఒక్క చలికాలమే. ప్లమ్ పండ్లు రాలే వేళకు వచ్చేస్తాను."

"నేను గూడ వస్త," అంది భూలక్ష్మి. ఎలా వస్తుంది? వియోరికా దేశం మారవచ్చు. భూలక్ష్మి కాగితాల ప్రకారం కంపెనీ కూడా మారకూడదు.

మళ్లీ సంచి సర్దడం. మళ్లీ ఆ జిప్పు చప్పుడు. భూలక్ష్మి నన్ను తీసి, బల్ల మీద పెట్టకుండా, తిన్నగా వియోరికా చేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"పోట్లాట వస్తుందే!" అని వియోరికా ఉలిక్కిపడింది.

"రానియ్యి. పోట్లాడనీకన్న వస్తవు," అంది భూలక్ష్మి తెలుగులోనే. తర్వాత పిడికిళ్లు ఢీకొట్టి, తమ కాళ్ల కింది నేలను చూపించింది. ఇక్కడే పోట్లాడాలని. వియోరికాకు అర్థమైంది. కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు నేను జర్మనీలో, ఆ వృద్ధాశ్రమం సొరుగులో ఉంటున్నాను. ముసలివాళ్ల బట్టల మీద కుట్టే పేరు పట్టీలు కత్తిరిస్తాను. వియోరికాకు మూడు నెలలకోసారి పని పొడిగిస్తారు. సెలవు అడిగితే, "వెళ్లవచ్చు. మీ పనికి ఇంకొకరు ఎదురుచూస్తున్నారు," అంది ఏజెంటు ఆఫీసులోని అమ్మాయి, ఎంతో మర్యాదగా.

పండ్ల కాలం వచ్చింది. భూలక్ష్మి రొమేనియా భాషలో, వచ్చీరానట్టుగా ఫోనులో అడిగింది, "పండ్లు రాలుతున్నాయి. ఎప్పుడొస్తావు?"

"వచ్చే నెల."

"నీ కుర్చీలో నేపాల్ పిల్లను కూర్చోబెట్టారు."

"మంచి పిల్లేనా?" అంది వియోరికా.

"మంచిదే. ఆమెకు జీతం నాకన్నా తక్కువ."

పోట్లాడుకుంటారేమోనని చెవులు రిక్కించి విన్నాను. పోట్లాడుకోలేదు. తర్వాతి నెలా అంతే, ఆపై నెలా అంతే. ఆరోగ్యం బాగుందా అని ఆమె, బాగుంది మీకెలా ఉందని ఈమె. వాళ్లు ఎంత మర్యాదగా మాట్లాడుకుంటే నాకంత భయం వేసేది.

ఒప్పందం అయిపోయి భూలక్ష్మి 2024 మార్చిలో సిరిసిల్లకు చేరింది. కత్తెరేదని రాజవ్వ అడిగిందో లేదో నాకు తెలియదు.

వియోరికా 2022 అక్టోబరులో తన ఊరు విడిచింది. ఇంకా తిరిగి వెళ్లలేదు.