కోడలి బడిలో అత్తగారు

కోడలు సిటీ బస్సు నడుపుతుందని చెప్పుకోవడానికి అత్తగారికి నోరు చాలేది కాదు. కూరల కొట్టులోనూ మందుల షాపులోనూ, ఎవరూ అడక్కపోయినా, "మా కోడలిది పర్మనెంటు ఉద్యోగం. అంత పొడుగు బస్సునీ సందులో సైకిల్ తిప్పినట్టు తిప్పేస్తుంది" అనేవారు. అలాంటి కోడలు ఓ సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, గుమ్మం దగ్గర బూట్లు విప్పుకుంటూ, "అత్తయ్యా, ఉద్యోగం మానేశాను" అంది.

అత్తగారు నవ్వారు. ఆ పిల్లకి వేళాకోళం ఎక్కువ. టీ వడకడుతూ తలెత్తి చూస్తే, ఎప్పుడూ మెడలో వేలాడే గుర్తింపు కార్డు కనపడలేదు.

"ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఎవరూ ఏమీ అనలేదు."

"పోనీ ఎవర్నైనా గుద్దేశావా?"

"అత్తయ్యా!"

సంగతి మెల్లగా బయటికొచ్చింది. కోడలి బస్సులో రోజూ డ్రైవరు వెనక సీట్లో కూర్చునే నర్సొకావిడ ఉంది. కారు నేర్పమని వెంటపడింది. డ్రైవింగు స్కూల్లో చేరితే అక్కడి మాస్టారు మాటమాటకీ అరిచేవాడట, ఓసారి వేళ్ళ మీద కొట్టాడట కూడా. కోడలు సెలవు రోజుల్లో అరువు కారులో ఆమెకి నేర్పింది. ఆమె ఇంకొకరికి చెప్పింది, ఆ ఇంకొకరు మరొకరికి చెప్పారు. కబురు డిపోకి చేరింది. పర్మనెంటు ఉద్యోగులు బయట పని చేయకూడదని రూలు. మేనేజరు మంచివాడే, పిలిచి, అదో ఇదో తేల్చుకోమన్నాడు. ఆలోచించుకోవడానికి వారం గడువు కూడా ఇచ్చాడు. కోడలు ఆ వారం కూడా తీసుకోలేదు.

పైగా, డ్రైవింగు స్కూలు మూసేస్తున్న ఓ ముసలాయన దగ్గర ఓ పాత కారు కొనేసింది. మాస్టరు కాళ్ళ దగ్గర కూడా బ్రేకూ క్లచ్చీ ఉండే కారు. దాచుకున్నదంతా దానికే పోయింది. ఇక బ్యాంకులో మిగిలింది రెండు నెలల అద్దెకి బొటాబొటీగా వస్తుంది.

"ఏరు దాటకముందే తెప్ప తగలేశావు కదమ్మా!" అన్నారు అత్తగారు.

"ఎన్నాళ్ళు తెప్పలో కూర్చున్నా ఏరు దాటినట్టు కాదు కదత్తయ్యా."

ఆ జవాబుకి అత్తగారికి ఒళ్ళు మండింది. కొడుకన్నా తన వైపు మాట్లాడతాడని చూశారు. అతను సోఫాలకీ కుర్చీలకీ తొడుగులు కుట్టే పనివాడు, పనుంటే పండగ, లేకపోతే పస్తు. ఆ మానవుడు అప్పటికే కారు సీట్ల కొలతలు రాసుకుంటున్నాడు.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసమ్మా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే వద్దంటావని."

"అనేదాన్నే!"

అత్తగారు కూరల కొట్టుకి వెళ్ళడం మానేశారు. అడిగితే ఏం చెప్పాలి?

ఆవిడ భయపడ్డట్టే అయింది. నేర్చుకుంటామని ఎగబడ్డవాళ్ళు, తీరా బడి పెట్టాక మొహం చాటేశారు. ఒకరికి మొగుడు వద్దన్నాడు, ఒకరికి తీరిక లేదు. నర్సమ్మకి నడపడం వచ్చేసింది, లైసెన్సూ వచ్చేసింది. కారు ఇంటి కిటికీ కింద నిలబడి ఉండేది. కోడలు పొద్దున్నే దాన్ని అద్దంలా తుడిచి, లోపల కూర్చుని ఎదురుచూసేది.

ఓ రోజు ఎదురింటావిడ బట్టలారేస్తూ కేకేసింది. "ఏం వదినా, బస్సు పోయి బొమ్మకారొచ్చిందే! నేర్చుకునేవాళ్ళెవరైనా దొరికారా, లేక రోజూ తుడుచుకోడానికేనా?"

ఇదే మాట అత్తగారు మనసులో వందసార్లు అనుకున్నారు. కానీ అంటే తాను అనాలి గానీ, ఎదురింటిది అనడమేమిటి?

"దొరక్కపోవడమేంటి వదినా? రేపట్నుంచి నేనే నేర్చుకుంటున్నా!"

అన్నాక గాని ఏమన్నారో ఆవిడకి తెలియలేదు. కారు తుడుస్తున్న కోడలు గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వీధంతా విన్నాక ఇక మింగలేరు, కక్కలేరు.

మర్నాడు పొద్దున్నే, మూతబడ్డ గోదాము ముందున్న ఖాళీ స్థలంలో పాఠం మొదలైంది.

"క్లచ్చి మెల్లగా వదలండి."

కారు కప్పలా ఓ గెంతు గెంతి ఆగిపోయింది.

"చచ్చిందా?"

"లేదు, పడుకుంది. మళ్ళీ లేపండి."

లేపారు. గెంతింది. పడుకుంది. ఆ పొద్దున ఎన్నిసార్లు పడుకుందో లెక్కలేదు. "దీనికి నేనంటే గిట్టదు" అన్నారు అత్తగారు చెమట తుడుచుకుంటూ. కోడలు విసుక్కోలేదు. గొంతు పెంచలేదు. ఆవిడ కాలు కదలకముందే తప్పెక్కడ జరగబోతోందో ఆమెకి తెలిసిపోయేది. అయినా వెంటనే బ్రేకు తొక్కేది కాదు, దిద్దుకోవడానికి ఓ క్షణం వదిలేది. దిద్దుకుంటే, "చూశారా, మీరే ఆపారు" అనేది.

కోడలి ఉద్యోగం గురించి ఊరంతా చాటిన మనిషే గానీ, కోడలి పనితనం పక్కన కూర్చుని చూడటం ఆవిడకి అదే మొదలు. అది డిపోవాళ్ళు ఇచ్చింది కాదు, డిపోలో వదిలేసి వచ్చిందీ కాదు. ఆ మాట పైకి అనలేదు. ఆ పూట టీ మాత్రం తనే పెట్టి కారు దగ్గరికి తెచ్చిచ్చారు.

కొన్నాళ్ళకి వీధిలోకి దిగారు. నడిచేవాళ్ళు కూడా దాటిపోయేంత నెమ్మదిగా, రెండు చేతులా స్టీరింగు బిగించి పట్టుకుని వెళ్తుంటే, బట్టలారేస్తున్న ఎదురింటావిడ చేతిలో తడి దుప్పటి అలాగే ఉండిపోయింది. గుడ్ల కొట్టావిడ మాత్రం అడ్డంగా వచ్చి ఆపేసింది.

"ఈ పెద్దావిడకే వస్తోందంటే నాకు రాదా ఏంటి? నన్నూ చేర్చుకోండమ్మా!"

కోడలు కంగారుగా అత్తగారి వైపు చూసింది. ఆవిడకి కోపం రాలేదు సరికదా, "రా మరి! నా తర్వాత బ్యాచి నీదే" అన్నారు.

తర్వాత గుడ్ల కొట్టావిడ చెల్లెలొచ్చింది. స్కూలు టీచరొచ్చింది. అలాగని డబ్బు కురిసిందేం లేదు. మూడో నెల అద్దె ఆలస్యమైంది, ఇంటాయన సణిగాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే డిపో మేనేజరు ఫోను చేశాడు. కోడలి ఫోను ఇంట్లో ఉంది, అత్తగారు తీశారు. ఆ పోస్టులో ఇంకా ఎవర్నీ వేయలేదట, నెలాఖరులోగా వస్తే తీసుకుంటారట.

అత్తగారు ఫోను పట్టుకుని మెట్లు దిగి కారు దగ్గరికెళ్ళి విషయం చెప్పారు. కోడలు ఫోను అందుకోకుండా ఆవిడ మొహంలోకి చూసింది.

"ఏం చెప్పమంటారత్తయ్యా?"

"నా క్లచ్చి కాలు ఇంకా కుదురుకోలేదు. బడి మధ్యలో మాస్టరు వెళ్ళిపోతే నా గతేం కాను?"

కోడలు ఫోను తీసుకుని, "థాంక్సండీ సార్. నేను రానండి" అంది. ఆ 'రాను' అన్న మాటలో బెరుకు ఇసుమంత కూడా లేదు. అత్తగారు అది విని, ఎవరో తనకే శాలువా కప్పినంత నిటారుగా మెట్లెక్కారు.

లైసెన్సు పరీక్ష మొదటిసారి పోయింది, వెనక్కి తీస్తూ హద్దు కర్ర పడగొట్టేశారు. రెండోసారి ఇన్‌స్పెక్టరు కాగితాల్లో వయసు చూసి, "ఇప్పుడెందుకమ్మా మీకివన్నీ?" అన్నాడు.

"మా కోడలు బడి పెట్టింది బాబూ. ఇంట్లోనే చదువురానివాళ్ళుంటే బడికి పరువేముంటుంది?"

ఈసారి ఏ కర్రా పడలేదు.

తిరుగుదారిలో అత్తగారే నడిపారు. రద్దీ వేళ, రోడ్డు మీద సందు లేదు. మూడు మలుపులు తిరిగాక గాని పక్కనుంచి మాట వినపడటం లేదని తోచలేదు. ఓరగా చూశారు. పొద్దుటినుంచీ పాఠాలు చెప్పి అలిసిపోయిన కోడలు, చెప్పులు విడిచి కాళ్ళు ముడుచుకుని, తల కిటికీకి ఆనించి హాయిగా నిద్రపోతోంది.

వెనక ఎవడో హారన్ మీద హారన్ కొట్టాడు. అత్తగారు అద్దంలోంచి వాణ్ణి చూశారు.

"ఆగరా నాయనా, మా మాస్టరు పడుకుంది" అని, కుదుపు లేకుండా గేరు మార్చారు.